మూడు ఒప్పులు

మా ఇంటికి జాతకం చెప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు మూడుసార్లు "ఒప్పు" అనాలి. చెప్పేవాడు ముందుగా జరిగిపోయిన సంగతులు మూడు చెప్తాడు. చిన్నప్పుడు తగిలిన దెబ్బో, పోయిన తోబుట్టువో, వదిలేసిన ఇల్లో. ఒక్కోదానికీ అడిగినవాడు "ఒప్పు" అంటే ఆ జాతకం సరైన వేళకి గీసినదని అర్థం. మూడు ఒప్పులు పడ్డాకే జరగబోయేది ఎత్తుకోవాలి. ఒక్కటి తప్పినా జాతకం రాసిన తాటాకు కట్టేసి, పుట్టిన వేళ సరిగ్గా కనుక్కుని రమ్మని పంపేయాలి. మా నాన్న కేళు పణిక్కర్ నలభై ఏళ్ళలో ఈ పద్ధతి ఒకే ఒక్కసారి తప్పాడు. అది నా జాతకం దగ్గర. నా పేరు సౌదామిని.

మాది తూత నది ఒడ్డు. మేం కణియార్లం. ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి బిడ్డకీ జాతకం గీసేది మా ఇంటివాళ్ళే. నేను పుట్టిన రోజున మాత్రం నాన్న ఇంట్లో లేడు. ఎక్కడో గుడిలో గవ్వలు వేసి ప్రశ్న చూడ్డానికి పిలిస్తే వెళ్ళాడు. మూడో రోజు తిరిగొచ్చేసరికి మాక్కమ్మత్త గుమ్మంలోనే చెప్పింది. "ఆడపిల్ల. మిట్టమధ్యాహ్నం దాటాక. నీడ అయిదున్నర అడుగులు." మాక్కమ్మత్త నాన్నకి అక్క, ఊరికి మంత్రసాని. నాన్న కాళ్ళు కడుక్కుని కూర్చుని లెక్క కట్టాడు. మిథున లగ్నం వచ్చింది. రెండో ఇంట గుళికుడు పడ్డాడు.

రెండో ఇల్లంటే వాక్కు. గుళికుడంటే శని కొడుకు. మా వైపు తండ్రి కంటే ఈ కొడుక్కే ఎక్కువ భయపడతారు. ఈ పిల్ల నోట మంచి చెప్తే జరగదు, చెడు చెప్తే తప్పదు అని తేలింది. నాకు అయిదేళ్ళప్పుడు ఒకావిడ చేతిలో కుండ చూసి "జారుతుంది" అన్నాను. జారింది. తడి చేతుల్తో పట్టుకుంటే ఎవరి కుండైనా జారుతుంది. అయినా అది నా మచ్చనాలుక పుణ్యమే అన్నారు. ఆ తర్వాత ఎవరైనా ప్రయాణమై వెళ్తుంటే అమ్మ నన్ను పెరట్లోకి పంపేసేది. పెద్దయ్యాక వచ్చిన సంబంధాలు కూడా ఆ గడి చూసి వెనక్కి వెళ్ళాయి. వచ్చినవాళ్ళ మొహాలు చూశాను కాబట్టి దానికి నేను పెద్దగా బాధపడలేదు.

కానీ విద్య మాత్రం నాన్న నాకే నేర్పాడు. నేర్పక గతి లేకపోయింది. అన్నయ్య అచ్యుతన్ నాకంటే ఆరేళ్ళు పెద్ద, బడిపంతులు, మంచివాడు. వాడికి గుణకారం చేయమంటే జ్వరం వచ్చేది. నేను పక్కన కూర్చుని వాడి లెక్కలు నోటితో చేసేదాన్ని. నాన్న చూసి చూసి, ఒకరోజు గళ్ళు గీసే చెక్కపలక నావైపు తిప్పాడు.

పలక మీద బియ్యప్పిండి పలచగా చల్లి, వేలితో పన్నెండు గళ్ళు గీసేవాడు. "ఇదొక ఊరనుకో. పన్నెండిళ్ళు. ఏ ఇల్లు ఎవరిదో ముందు నేర్చుకో. తర్వాత ఎవరు ఎవరింట్లో ఉన్నారో చూడు. సొంతింట్లో ఉన్నవాడు ఎలా కూర్చుంటాడు?"

"కాళ్ళు చాపుకుని."

"శత్రువింట్లో?"

"గుమ్మం దగ్గరే, చెప్పులు పక్కనే పెట్టుకుని."

"స్నేహితుడింట్లో?"

"కంచం ముందు."

నాన్న నవ్వేవాడు. ఆ నవ్వు కోసం నేను ఇంకో పది జాతకాలు చదివేదాన్ని. మనుషులున్న గడి ఎవరైనా చదువుతారనీ, ఖాళీ గడి చదివినప్పుడే చదువు వచ్చినట్టనీ అనేవాడు. ఖాళీ ఇంటి యజమాని ఎక్కడికి పోయాడో, ఎవరితో కూర్చున్నాడో, అక్కణ్ణించి తన ఇల్లు కనబడుతోందో లేదో వెతకాలి. పదహారేళ్ళకి నాకు ఖాళీ గడి చదవడం వచ్చింది. ఇరవై ఏళ్ళకి నాన్న ఆగినచోట కూడా నేను ఆగేదాన్ని కాదు.

గడియారం లేనిచోట వేళ కట్టడం కూడా నేర్పాడు. ఎండలో నిటారుగా నిలబడాలి. తల నీడ ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని, అక్కడిదాకా అడుగులో అడుగేసి కొలవాలి. "నీ నీడని నీ అడుగులతోనే కొలవాలి. పొడుగువాడికి పాదమూ పొడుగే, పొట్టివాడికి పాదమూ పొట్టే. ఎవరిది వాళ్ళు కొలుచుకుంటే లెక్క అందరికీ ఒకటే వస్తుంది." నేను రోజూ మధ్యాహ్నం వాకిట్లో నా నీడ మీద నడిచేదాన్ని. చూసినవాళ్ళు పణిక్కర్ కూతురికి ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు.

నాకు పదహారేళ్ళప్పుడు అమ్మ పోయింది. ఆ ఏడాదే నాన్నకి గొంతులో పుండు లేచింది. పుండు మానింది గానీ గొంతు తిరిగి రాలేదు, గుసగుస మిగిలింది. అప్పట్నుంచి మా ఇంట్లో జాతకం చెప్పడానికి ముగ్గురు కావలసి వచ్చారు. చాప మీద నాన్న. పీట మీద అన్నయ్య. తలుపు వెనక నేను. నేను జాతకం చదివి కాగితం మీద రాసిస్తే అన్నయ్య పైకి చదివేవాడు. తప్పు చదివితే నేను ఒకసారి దగ్గాలి. ఇక చాలు అనడానికి రెండుసార్లు.

చెర్పుళశ్శేరి నుంచి దాక్షాయణి అనే ఆవిడ తన కొడుకు జాతకం తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అన్నయ్య కాగితం తీసుకుని, "మీవాడికి చిన్నప్పుడు ఎడమ కాలు... ఎడమ కాలు..." అని ఆగిపోయాడు.

నేను దగ్గాను.

"ఎడమ చేయి" అన్నాడు.

మళ్ళీ దగ్గాను.

"కుడి చేయి" అన్నాడు అన్నయ్య, చెమట తుడుచుకుంటూ.

"ఒప్పు. కుడి చేయే విరిగింది" అంది దాక్షాయణి. తర్వాత తలుపు వైపు చూసి, "లోపల ఎవరికో దగ్గు బాగా ఎక్కువగా ఉన్నట్టుందే పణిక్కర్ గారూ. మిరియాల కషాయం ఇవ్వండి. లేకపోతే ఆ దగ్గునే తెచ్చి పీట మీద కూర్చోబెట్టండి, మాకూ పని తొందరగా తెములుతుంది" అంది.

నాన్న నవ్వలేదు. నేను తలుపు వెనక నవ్వుకున్నాను.

సంక్రాంతితో మొదలయ్యే మకర మాసం మధ్యలో అన్నయ్యకి వయనాడు బడికి బదిలీ అయింది. తర్వాతి నెల, కుంభం ఒకటో తేదీకల్లా వెళ్ళి చేరాలి. వాడి మొహంలో వెలుగు చూస్తే బదిలీ కోసం వాడే ఎవరి కాళ్ళో పట్టుకున్నాడేమో అనిపించింది. ఆ సాయంత్రం గంజి తాగుతుండగా నాన్న గుసగుసగా అన్నాడు.

"వేలుక్కుట్టికి కబురు పెట్టాను. పీట వాడికిస్తా."

వేలుక్కుట్టి మా దూరపు బంధువు. అచ్చు పంచాంగం చంకలో పెట్టుకుని సంతల్లో తిరుగుతాడు. గొంతు మాత్రం గంటలా ఉంటుంది.

"వాడికి ఖాళీ గడి చదవడం వచ్చా?" అన్నాను.

"రాదు."

"నాకు?"

"నాకంటే బాగా వచ్చు."

"మరి?"

"చదవడం వచ్చు నీకు. చెప్పడం పనికిరాదు. రెండో ఇంట వాడు కూర్చున్నాడు. నీ నోటితో 'నీ బిడ్డ బతుకుతాడమ్మా' అంటే ఆ తల్లి గతేం కాను?"

అన్నయ్య మధ్యలో దూరాడు. "ఆడపిల్ల పీటెక్కితే ఊళ్ళోవాళ్ళూ ఊరుకోరు నాన్నా."

"ఊరి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు నాన్న. "గుళికుడి సంగతి నా వల్ల కాదు."

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది గానీ కోపమే ముందొచ్చింది. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో బయటికొచ్చిన ప్రతి మాటా నాది. దగ్గే నాకు దక్కింది. ఇప్పుడు ఆ కాగితాలు వేలుక్కుట్టి చేతికివ్వాలన్నమాట. ఆ గొంతు వెనక నిలబడి ముసలిదాన్నయ్యేదాకా దగ్గుతూ ఉండాలి. గంజి గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి, అటక మీద జాతకాల పెట్టె దించి, నా ఆకు తీశాను.

నమ్మండి, అప్పటిదాకా నా జాతకం నేను చదవలేదు. ఆ ఒక్క గడి గురించి పుట్టినప్పట్నుంచీ వింటున్నాను కదా, మిగతా పదకొండు గళ్ళూ చూడాలని తోచలేదు. కాలికి పుండు ఉన్నవాళ్ళు పుండునే చూసుకున్నట్టు.

వచ్చినవాళ్ళ జాతకం ఎలా చూస్తానో అలాగే చూశాను. ముందు జరిగిపోయినవి. పదకొండో ఇల్లు, అంటే అన్నలూ అక్కలూ ఉండే ఇల్లు. అక్కడ శని నీచపడి ఉన్నాడు, కుజుడు వాణ్ణి ఒరుసుకుని కూర్చున్నాడు. ఇలా ఉంటే ముందు పుట్టినవాళ్ళు దక్కరు. నాన్న నేర్పిందే. తల తిప్పి చూస్తే అన్నయ్య వసారాలో రెండో గిన్నె గంజి తాగుతున్నాడు.

తర్వాత ఎనిమిదో ఇల్లు, అంటే చావు ఇల్లు. అక్కడ సూర్యుడు, అంటే తండ్రి. బిడ్డకి పళ్ళు రాకముందే తండ్రి పోవాలి. తండ్రి వాకిట్లో వక్క నములుతున్నాడు.

మూడోది చూడలేదు. బతికున్న మనుషులిద్దర్ని చంపేసిన జాతకాన్ని ఇంకేం పరీక్షిస్తాం. శాస్త్రం తప్పు కాదు. నా చదవడం తప్పు కాదు. మిగిలింది వేళ ఒక్కటే. అది ఎవరో తప్పు చెప్పారు.

మర్నాడు పొద్దున్నే మాక్కమ్మత్త దగ్గరికి వెళ్ళాను. చిన్న రోట్లో తమలపాకు దంచుకుంటోంది. డెబ్బై దాటింది, పళ్ళన్నీ పోయాయి, నోరు మాత్రం అన్ని పళ్ళూ ఉన్నప్పటిలాగే ఉంది.

"అత్తా, నేను పుట్టినప్పుడు నీడ సరిగ్గా కొలిచావా?"

"కొలవలేదే పిల్లా, కలలో చూసి చెప్పా" అంది అత్త. "ఈ పాదాల్తో కొలిచా. అయిదున్నర. ఈ చేతుల్తో మూడొందలమందిని పైకి లాగా, ఒక్కరి వేళైనా తప్పు పోయిందా?"

"ఎక్కడ నిలబడ్డావు?"

"నేనెక్కడ నిలబడ్డాను? నా చంకలో నువ్వున్నావు. అప్పటికే పొద్దున్నుంచీ వంగి వంగి నడుం పట్టేసింది. నిటారుగా నిలబడ్డమంటే మాటలా? కోరన్ కొబ్బరికాయలు దింపుతున్నాడు. 'దిగిరా నాయనా, ఎండలో నిలబడు' అని వాణ్ణి నిలబెట్టి, తల నీడ దగ్గర కొబ్బరి డొక్క పెట్టా."

"మరి కోరన్ ఎందుకు కొలవలేదు?"

"నా చేతికున్న నెత్తురు చూశాడు. పది నిలువుల చెట్టెక్కేవాడు, తెల్లబోయి పరిగెత్తాడు. మళ్ళీ ఆ వారమంతా రాలేదు. నేనే వాడు నిలబడ్డచోటి నుంచి డొక్కదాకా కొలిచా."

"కోరన్ నీడని నీ పాదాల్తో."

"నీడ నీడే కదే. దానికి కులమా గోత్రమా?"

నేను అత్త పాదాలు చూశాను. చిన్నపిల్లల పాదాల్లా ఉన్నాయి. కోరన్ మా ఊళ్ళో అందరికంటే పొడుగు, వాడి గుమ్మాన్ని వాడే వంగి దాటాలి. అత్త దవడలు రెండూ పట్టుకుని ముద్దుపెట్టాను. "వక్క మింగించేస్తావే" అని తిట్టింది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. గుసగుసగా, "ఇరవై మూడేళ్ళ కిందటి మాట. ఆవిడకి నిన్న తిన్నదే గుర్తుండదు" అన్నాడు.

"అయితే పరీక్షించు. నేను పుట్టిన మకరం ఇరవయ్యెనిమిదికి ఇంకా రెండు వారాలుంది. అదే సూర్యుడు, అదే వాకిలి, అదే కోరన్, అవే పాదాలు. ముసలైతే నడుం వంగుతుంది గానీ పాదం కురచ కాదు."

"నీకు అనుకూలంగా రావాలని వెతుకుతున్నావు."

"అవును. వెతుకుతున్నా. దొరికింది నిజమో కాదో నువ్వు చూడు."

నాన్న నావైపు చూశాడు. "వేలుక్కుట్టిని కుంభం ఒకటిన రమ్మన్నా" అన్నాడు. "ఆలోపు చూద్దాం."

మకరం ఇరవయ్యెనిమిదిన మధ్యాహ్నం కోరన్ వచ్చాడు. యాభై నాలుగేళ్ళు, ఇంకా చెట్లెక్కుతున్నాడు, నిటారుగా ఉన్నాడు. విషయం చెప్పగానే ముందు అత్త చేతులవైపు చూశాడు.

"భయపడకు, ఈసారి నెత్తురు లేదు" అంది అత్త. "తమలపాకు రసమే. నిలబడు."

అన్నయ్య చేతిగడియారం చూస్తూ వసారా మెట్టు మీద కూర్చున్నాడు. కోరన్ వాకిలి మధ్యలో నిలబడ్డాడు. నేను వాడి తల నీడ దగ్గర కొబ్బరి డొక్క పెట్టాను. అత్త ఒక చేత్తో నా భుజం పట్టుకుని, అడుగులో అడుగేసింది. అయిదు. ఇంకా అర రాలేదు. కాసేపాగి డొక్క జరిపి మళ్ళీ కొలిచింది. మళ్ళీ ఆగాం. మూడోసారికి సరిగ్గా అయిదున్నర పడింది.

"ఆగండి" అన్నాను. "కోరన్ మామా, ఇప్పుడు నువ్వు కొలువు."

కోరన్ నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగు సగం కూడా పట్టలేదు.

నాన్న మెట్టు దిగి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద ఆ రెండు రకాల అడుగుల్నీ వేలితో తడిమాడు. "మళ్ళీ నిలబడు" అన్నాడు కోరన్‌తో. ఇక అక్కణ్ణించి అందరం ఎండలోనే ఉన్నాం. కోరన్ తన అడుగులతో తన నీడ కొలుచుకుంటూనే ఉన్నాడు. అయిదున్నర వచ్చేసరికి అన్నయ్య గడియారంలో ముప్ఫై అయిదు నిమిషాలు గడిచాయి. నాన్న అచ్చం బడిలో పిల్లాడిలా పెదాలు కదిపి లెక్క కట్టాడు.

"ఘడియన్నర" అన్నాడు. "నేను లెక్క కట్టిన వేళకి అంత ముందే పుట్టావు."

ఘడియన్నర వెనక్కి జరిపితే మిథునం ఇంకా మొదలవదు. లగ్నం వృషభం. ఇళ్ళన్నీ ఒక్కో గడి జరుగుతాయి. ఇది నాకు రెండు వారాలుగా తెలుసు. కానీ నేను చెప్పలేదు. నాన్న తన చేత్తో గీయాలి.

నాన్న లోపలికి వెళ్ళి పలక తెచ్చి, వసారాలో పెట్టుకుని, పిండి చల్లాడు. పన్నెండు గళ్ళు గీసి, ఒక్కొక్కర్నీ తెచ్చి కూర్చోబెట్టాడు. గుళికుడు మూడో ఇంటికి పోయాడు. పాపగ్రహాలు అక్కడుంటే మేలే. ధైర్యం ఇస్తాయి. పదకొండో ఇంట గురువు, శుక్రుడు, చంద్రుడు ముగ్గురూ కలిసి కూర్చున్నారు. అన్నయ్య పొట్టమీద చేయి వేసుకుని, "ఇదేమిటి, నా గురించేనా" అన్నాడు. సూర్యుడు ఎనిమిదో ఇంట్లోంచి తొమ్మిదో ఇంటికి వచ్చాడు. అది తండ్రి ఇల్లు. గురువు ఇల్లు కూడా అదే. ఈ అమ్మాయికి తండ్రే విద్య నేర్పుతాడని చదవాలి దాన్ని.

నాన్న ఆ గడి మీద వేలు పెట్టాడు.

"ఈ చుట్టుపక్కల ప్రతి బిడ్డ జాతకం మూడుసార్లు పరీక్షించి గానీ ఇవ్వలేదు నేను" అన్నాడు. "నీది మటుకు రెండో ఇంట వాణ్ణి చూడగానే కట్టేశా. మిగతా గళ్ళల్లో ఇంకేముంటుందో అని భయమేసింది. పరాయి బిడ్డైతే భయపడేవాణ్ణి కాదు."

ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ ఆ మాట విన్నాక ఎటో పోయాయి.

నాన్న అత్తవైపు తిరిగాడు. "అక్కా, ఇంకెవరికైనా ఇలా కొలిచావా? ఉంటే చెప్పు. వెళ్ళి దిద్దుకోవాలి."

"ఎవరికీ లేదురా" అంది అత్త. మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది. "మిగతా అందరికీ బిడ్డని తల్లి పక్కలో పెట్టి, బయటికొచ్చి నా నీడ నేనే కొలిచా. దీన్ని మటుకు కింద పెట్టబుద్ధి కాలేదు. మా తమ్ముడి బిడ్డ కదా అని ఎత్తుకునే బయటికొచ్చా."

కోరన్ అప్పటికీ ఎండలో నిలబడే ఉన్నాడు. "నేనింక నీడ తీసుకుని వెళ్ళచ్చా?" అన్నాడు. అత్త నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, నా ఒళ్ళో తల పెట్టేసింది.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి దీపం వెలుగుతోంది. దాక్షాయణి రెండో కొడుకు జాతకం పట్టుకుని వసారాలో కూర్చుని ఉంది. పీట ఖాళీగా ఉంది. చాప కూడా ఖాళీగా ఉంది. నాన్న అడిగేవాళ్ళు కూర్చునే వైపు, దాక్షాయణి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా తమలపాకులు, వక్క, దాని పక్కన ఒక తాటాకు కట్ట.

"కూర్చో" అన్నాడు పీట చూపించి.

కూర్చున్నాను. పీట నేననుకున్నదానికంటే ఇరుకుగా ఉంది.

"ఇది నా జాతకం. ముందు నాది చూడు. తర్వాత ఈవిడ కొడుకుది చూద్దువుగాని." ఆ గుసగుస దాక్షాయణికీ వినబడింది. ఆవిడ తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "దగ్గు తగ్గిందన్నమాట" అంది.

ఆకు విప్పాను. మా నాన్న జాతకం అంతవరకూ నేను చూడలేదు. పలక మీద పిండి చల్లి, గళ్ళు గీసి, ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టాను. పీట మీద ఉన్నప్పుడు ఎదుటివాళ్ళు ఎవరైనా మీరు అనాలి. అదీ ఆయన నేర్పిందే.

"ఏడేళ్ళ లోపు మీకు నీటి గండం దాటింది" అన్నాను. "తోబుట్టువు చేయి పట్టి లాగింది."

వంటింటి గుమ్మంలో అత్త చేతిలోంచి రోకలి జారింది. "దీనికెవరు చెప్పార్రా? ఆ బావి సంగతి నేను అమ్మకి కూడా చెప్పలేదు."

"ఒప్పు" అన్నాడు నాన్న.

"విద్య తండ్రి దగ్గర దొరకలేదు. మీ మేనమామ దగ్గర నేర్చుకున్నారు. దానికి మీ తండ్రి కోపం పెట్టుకున్నాడు."

"ఒప్పు."

మూడోది సంతానం ఇల్లు. అది ఖాళీగా ఉంది. దాని యజమాని ఎక్కడికి పోయాడో వెతికాను. పన్నెండో ఇంట్లో, చీకట్లో, శనితో కలిసి ఉన్నాడు. అక్కణ్ణించి తన ఇల్లు తనకి కనబడదు.

"మీకిద్దరు బిడ్డలు" అన్నాను. గొంతు నాదే, కానీ వసారాలో అంత గట్టిగా వినడం నాకే కొత్తగా ఉంది. "చిన్నది ఆడపిల్ల. ఆ పిల్ల నోరు తెరిస్తే ఎవరికేం చేటు వస్తుందోనని మీరు ఇరవై మూడేళ్ళు భయపడ్డారు. కోపంతో కాదు, ప్రేమతోనే. అయినా ఆ పిల్లకి చాలా కష్టమైంది."

నాన్న తల వంచుకున్నాడు. దాక్షాయణి తన కొడుకు ఆకుని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. వాకిట్లో నిన్నటి కొబ్బరి డొక్క ఇంకా అక్కడే ఉంది. నేను తొందరపెట్టలేదు. మూడో ఒప్పు పడకుండా ముందుకి పోకూడదు.

"ఒప్పు" అన్నాడు నాన్న.

నేను జరగబోయేది ఎత్తుకున్నాను.